శ్రీ నారాయణతీర్థులవారు: ఉదరవ్యథ దారి చూపిన భక్తజీవితము

భగవద్భక్తుల చరిత్రలయందు రోగము తరచుగా కానవచ్చును. కేరళదేశమున మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగముచే కదలలేని స్థితిలో గురువాయూరు చేరి, దినమున కొక దశకము చొప్పున నూరు దినములు స్వామికి నారాయణీయమును సమర్పించి ఆరోగ్యము నందిన కథ లోకప్రసిద్ధము. అట్టి కథయే తెలుగింట పుట్టిన మరియొక నారాయణ నామధారి విషయమునను గలదు. ఆయన శ్రీకృష్ణలీలాతరంగిణిని లోకమునకు ప్రసాదించిన శ్రీ నారాయణతీర్థులవారు. ఆయనను పీడించినది కడుపునొప్పి.

కడుపునొప్పి యనగానే వినువారికి స్వల్పవిషయముగా తోచును. రెండు దినములు లంఘనము చేసి, వాము నమిలి, వేడినీరు త్రాగిన పోవునది కదా యని అందురు. కాని ఏండ్ల తరబడి ఉదరరోగముతో కాలము గడపువారి బాధ వేరు. జ్వరము వచ్చినవాని నుదురు తాకిన తెలియును. కాలు విరిగినవాని నడక చూచిన తెలియును. ఉదరరోగికి పైకి కనిపించు గుర్తు లేదు. విస్తరి ముందు కూర్చున్నపుడెల్ల ఇది తినవచ్చునా, తినిన తరువాత రాత్రి గడచునా అను సంశయము అతనిని వదలదు. అన్నము పరబ్రహ్మస్వరూపమని నమ్మిన దేశములో అన్నమును చూచి భయపడవలసి వచ్చుట కంటె కష్టమేమున్నది? తీర్థులవారి జీవితము ఇట్టి కష్టము ననుభవించువారికి ఒక ఊరట.

జన్మభూమి

విజయవాడ నుండి కృష్ణానదిని దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు పోవు దారిలో కాజ యను గ్రామము గలదు. తీర్థులవారు ఇచ్చట తల్లావఝుల వారి వంశమున జన్మించిరనియు, పూర్వాశ్రమమున వారి పేరు గోవిందశాస్త్రి యనియు ఆంధ్రదేశమున స్థిరపడిన సంప్రదాయము. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధము, పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధము వారి కాలమని పెక్కుమంది విద్వాంసుల అభిప్రాయము.

ఆ సీమ విష్ణుక్షేత్రములకు నిలయము. కృష్ణ ఒడ్డున ఉండవల్లి గుహలో అనంతపద్మనాభుడు శయనించియున్నాడు. కాజకు చేరువనే మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామి వెలసియున్నాడు. బెల్లము, మిరియాలు, ఏలకులు చేర్చిన పానకమును భక్తులు తెచ్చి స్వామి నోట పోయుదురు. స్వామి సగము గ్రహించి సగము భక్తునకే విడుచునని ప్రసిద్ధి. భగవంతునితో తెలుగువాని సంబంధములో ఆహారమునకు గల స్థానమును ఈ ఒక్క ఆచారమే చాటుచున్నది. దేవుడు పుచ్చుకొని మిగిల్చినది మనము పుచ్చుకొందుము. బిడ్డకు తల్లి తినిపించునట్లు స్వామికి మనము తినిపింతుము. ఇట్టి సీమలో పుట్టిన బాలుడు పెరిగి పెద్దవాడై, తినిన అన్నము కడుపులో నిలువక బాధపడవలసి వచ్చుట దైవలీల.

నది నడుమ సన్న్యాసము

గోవిందశాస్త్రి వేదశాస్త్రములను, సంగీతమును అభ్యసించి వివాహితుడయ్యెను. ఒకనాడు అత్తవారింటికి పోవుచు కృష్ణను దాటవలసి వచ్చెనని కథ. అప్పటికి నదిపై ఆనకట్ట లేదు. విజయవాడ వద్ద తొలి ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చినది. అంతకు ముందు వరదకాలమున కృష్ణను దాటుట ప్రాణములతో పందెమే. నది నడుమ ఉండగా వరద ఉప్పొంగెను. మరణము తప్పదని తోచిన శాస్త్రి శాస్త్రము అనుమతించిన ఆపత్సన్న్యాసమును స్వీకరించి, యజ్ఞోపవీతమును త్యజించి, నారాయణుని స్మరించెను. వరద తగ్గి ఆయన ఒడ్డు చేరెను. అత్తవారింట భార్య ఆయన ముఖమున వింతకాంతిని చూచి జరిగినది గ్రహించెననియు, ప్రాణభయమున చేసిన సంకల్పమైనను దానిని మరల్చరాదని ఆ సాధ్వి అంగీకరించెననియు పెద్దలు చెప్పుదురు. కూచిపూడి నాట్యమునకు మూలపురుషుడైన సిద్ధేంద్రయోగి విషయమునను ఇట్టి కథయే చెప్పుట కలదు. కృష్ణాతీరవాసులకు నది ఒక గురువు. ఇహమునకు పరమునకు నడుమ ప్రవహించు ఆ నీటిలో ఇద్దరు మహనీయులు గృహస్థాశ్రమమును విడిచిరని ఆ సీమ నమ్మకము.

అనంతరము ఆయన శివరామానందతీర్థులను ఆశ్రయించి క్రమసన్న్యాసమును పొంది నారాయణతీర్థులైరి. అద్వైతసంప్రదాయమునకు చెందిన యతి యైనను ఆయన హృదయము సంపూర్ణముగా శ్రీకృష్ణునిది.

భిక్షాన్నము, ఉదరవ్యాధి

తీర్థులవారికి కడుపునొప్పి ఎపుడు ప్రారంభమైనదో సంప్రదాయము చెప్పదు. దానికి వైద్యులు ఏ పేరు పెట్టిరో చెప్పదు. ఆయుర్వేదమున శూల, గుల్మము, గ్రహణి, ఆమ్లపిత్తము అని ఉదరమునకు సంబంధించిన వ్యాధులు పెక్కు చెప్పబడినవి. ఏదైనను అది ఒకనాటితో పోయినది కాదనియు, దుర్భరమై ఆయన యాత్రనే అడ్డగించినదనియు మాత్రము కథ చెప్పుచున్నది.

గృహస్థునకు ఉదరరోగము వచ్చినచో ఇంటివారు పథ్యము చేసి పెట్టుదురు. మెత్తగా ఉడికిన అన్నము, పెసరకట్టు, మిరియాల చారు, వెన్న తీసిన మజ్జిగ సిద్ధము చేయుదురు. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ వంటి తేలిక కూరలు వండుదురు. సన్న్యాసి సంగతి వేరు. అతడు అగ్నిని విడిచినవాడు. తన కొరకు పొయ్యి రాజేసి గిన్నెడు జావ కాచుకొనుట కూడ అతని ధర్మము కాదు. ఊరిలో పొగ ఆగి, రోకటి చప్పుడు సద్దుమణిగి, ఇండ్లలో అందరి భోజనములు ముగిసి, పొయ్యిలో నిప్పు చల్లారిన పిమ్మట అతడు భిక్షకు బయలుదేరవలెనని మనుధర్మశాస్త్రము విధించినది. దినమునకు ఒక్క పర్యాయమే భిక్ష. ఎవరి ఇంట ఏది మిగిలినదో అదియే ఆహారము. ఇది బాగున్నదనుట గాని, ఇది నాకు సరిపడదనుట గాని యతికి తగదు.

ఉదరరోగికి వైద్యులు చెప్పు నియమములను దీని ప్రక్కన ఉంచి చూడవలెను. వేడిగా తినవలెను, భిక్షాన్నము చల్లారినది. వేళకు తినవలెను, భిక్షకు వేళ ఇతరుల భోజనములు ముగియుటపై ఆధారపడును. కొంచెము కొంచెముగా పలుమారులు తినవలెను. యతికి ఒక్క పూటయే. సరిపడినది ఎంచుకొనవలెను; యతికి ఎంపిక లేదు. ఆరోగ్యమునకు కావలసిన దారి ఒకటి, ఆశ్రమధర్మము విధించిన దారి మరొకటి. ఈ రెంటి నడుమ తీర్థులవారు గడపిన ఒక్కొక్క దినము తపస్సు వంటిదే యని ఊహించుకొనవచ్చును.

అయినను శాస్త్రము నిర్దయమైనది కాదు. శంకరభగవత్పాదులు సాధనపంచకమున ఆకలి యను వ్యాధికి భిక్షను మందుగా భావించి నిత్యము సేవింపుమని ఉపదేశించిరి. మందును రుచి కొరకు తినము, మోతాదు మించి తినము, మానివేయము కూడ. వాగ్భటాచార్యుడు కడుపును నాలుగు భాగములుగా భావించి రెండు భాగములు ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు ఇచ్చి, ఒకటి వాయుసంచారమునకు ఖాళీగా విడువుమనెను. యతిధర్మము, వైద్యశాస్త్రము ఈ మితము నందు చేయి కలుపుచున్నవి. భిక్షాపాత్రలో పడినదానిని మార్చలేకున్నను, దానిలో ఎంత స్వీకరింపవలెనో తన చేతిలోని పని.

ఇక భిక్ష వేయు ఇల్లాలి చేతిలో కూడ కొంత కలదు. గ్రహణీరోగమున మజ్జిగ ప్రశస్తమని చరకసంహిత చెప్పుచున్నది. వాకిట నిలిచిన యతి ముఖము వాడియుండుట గమనించి, పులుసుకూరకు బదులు మజ్జిగ పోసిన అన్నమును పాత్రలో ఉంచిన తల్లి వైద్యము నెరుగకయే వైద్యము చేసినది. భిక్షువునకు నోరు లేదు. కావున దాత చూపుకు తెలివి ఉండవలెను.

వరాహము వెంట

ఆ కాలమున తంజావూరు సీమ తెలుగువారికి పరదేశము కాదు. నాయకరాజులు తెలుగు భాషను, సంగీతసాహిత్యములను పోషించిరి. అచ్యుతప్పనాయకుని కాలమున తెలుగు భాగవతులకు మెలట్టూరు గ్రామము దానముగా లభించినదని ప్రసిద్ధి. పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువులును ఆ పోషణను కొనసాగించిరి. తీర్థులవారు దేశాటనము చేయుచు కావేరీతీరము చేరిరి.

అచ్చట వ్యాధి దుర్భరమయ్యెను. ఏడుకొండలవానిని సేవింపవలెనని మనసున ఉన్నను శరీరము సహకరింపలేదు. తిరువయ్యారుకు సమీపముననున్న నడుక్కావేరి గ్రామమున వినాయకుని ఆలయములో ఆయన అలసి విశ్రమించిరి. రాత్రి స్వప్నమున, తెల్లవారి మేల్కొనగానే మొట్టమొదట కంటబడిన ప్రాణిని అనుసరింపుమని ఆదేశము కలిగెను. ఉదయమున కనులు తెరువగా ఎదుట ఒక తెల్లని వరాహము నిలిచియుండెను.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆదేశము వచ్చినపుడు ఏ గోవో, ఏ శుకమో కనిపించునని మనసు కోరుకొనుట సహజము. కనిపించినది వరాహము. లోకము దానిని ఆదరించునది కాదు. అయినను తీర్థులవారు సంశయింపలేదు. భూదేవిని ఉద్ధరించిన స్వామి ఆ రూపమునే ధరించెను. తిరుమల యాత్రికులు తొలుత ఆదివరాహస్వామిని సేవించి పిమ్మట శ్రీనివాసుని దర్శించుట క్షేత్రమర్యాద. కొండకు పోలేని భక్తునికి కొండమీది మర్యాద ప్రకారమే వరాహమూర్తి ముందుగా ఎదురువచ్చెనని భక్తులు భావింతురు.

నొప్పితో వంగిన శరీరముతో, అడుగు వెంబడి అడుగు వేయుచు ఆయన వరాహము వెంట నడచిరి. అది కుడమురుట్టి నదీతీరమునగల భూపతిరాజపురమను గ్రామము చేరి, అచ్చటి వేంకటేశ్వరాలయ ప్రాంతమున అంతర్ధానమయ్యెను. ఆ క్షణముననే ఆయన కడుపునొప్పి మాయమయ్యెను. ఆనాటి నుండి ఆ గ్రామమునకు వరాహూరు అను పేరు కలిగెను. తీర్థులవారు అచ్చటనే నిలిచిరి. తిరుమలకు చేరలేకపోయిన యాత్రికునికి వేంకటేశుడు వరాహూరిలో దర్శనమిచ్చెను.

లీలాతరంగిణి

శ్రీకృష్ణలీలాతరంగిణి ఈ అనుగ్రహమునకు ఫలము. పండ్రెండు తరంగములుగల ఈ సంస్కృత గేయకావ్యము శ్రీకృష్ణావతారముతో ప్రారంభమై రుక్మిణీకల్యాణముతో ముగియును. భాగవతము పండ్రెండు స్కంధములకు ఈ పండ్రెండు తరంగములు ప్రతీకలని భావించువారు కలరు. ఇందు 153 కీర్తనలు, 302 శ్లోకములు, 31 చూర్ణికలు కలవని లెక్కింతురు. జయదేవుని గీతగోవిందము, లీలాశుకుని శ్రీకృష్ణకర్ణామృతము, తీర్థులవారి తరంగిణి కృష్ణభక్తి వాఙ్మయమున ఒకే వరుసన నిలుచునవి. ఆయన గానము చేయుచుండగా తెర వెనుక బాలకృష్ణుని కాలి అందెల సవ్వడి వినబడెడిదనియు, ఆంజనేయస్వామి తాళము వేసెడివాడనియు వరాహూరు ప్రజలు నేటికిని చెప్పుకొందురు.

ఉదరవ్యథ ననుభవించిన భక్తుడు బాలకృష్ణుని లీలలను పాడుటలో ఒక ఔచిత్యము గలదు. కృష్ణుని బాల్యమంతయు ఆహారముతో ముడిపడినది. వెన్న దొంగిలించుట, మన్ను తినుట, యమునాతీరమున గోపబాలురతో కలిసి చలిది ఆరగించుట, యజ్ఞపత్నులు తెచ్చిన అన్నమును స్వీకరించుట, అన్నియు కడుపుకు సంబంధించిన లీలలే. యశోద త్రాటితో ఆ బాలుని నడుమునకు కట్టగా త్రాడు రెండు వ్రేళ్లు తక్కువయ్యెను. ఎన్ని త్రాళ్లు ముడివేసినను అంతే. చివరకు తల్లి అలసట చూచి స్వామి తానే కట్టుబడెను. ఉదరమున దామము కలవాడు కనుక దామోదరుడయ్యెను. పదునాలుగు లోకములను ఉదరమున ధరించినవాడు ఒక గొల్ల ఇల్లాలి త్రాటికి లోబడిన ఆ ఉదరమును ధ్యానించునపుడు, తన కడుపు బాధ ఎంతటిదైనను అది స్వామికి తెలియనిది కాదను ధైర్యము భక్తునికి కలుగును.

భాగవతమున దావానలఘట్టము కూడ అట్టిదే. అడవి నలుదెసల మంటలలో చిక్కిన గోపాలకులు శరణు వేడగా స్వామి వారిని కనులు మూసికొనుమని ఆ నిప్పును తానే మ్రింగెను. కడుపులో మంటతో నిద్రలేని రాత్రులు గడపువారికి ఈ లీలను మించిన స్మరణ లేదు. గీతయందు పురుషోత్తమప్రాప్తియోగమున స్వామి తానే వైశ్వానరుడై ప్రాణుల దేహములలో నిలిచి, ప్రాణాపానములతో కూడి నాలుగు విధములైన అన్నమును పచనము చేయుచున్నానని చెప్పెను. మనము తినిన ముద్దను అరిగించువాడు ఆయనయే. అట్లయినచో జీర్ణశక్తి తగ్గిన కడుపు శాపగ్రస్తమైనది కాదు. అగ్ని మందగించిన యజ్ఞశాల. దానిని ఓర్పుతో, శుచిగా, మితమైన సమిధతో మరల ప్రజ్వలింపజేయవలెను.

వ్యాధి మాననివారి మాట

తీర్థులవారికి నొప్పి పోయినది. ఎంత ప్రార్థించినను పోనివారి సంగతి యేమి? ఈ ప్రశ్న భక్తుల గృహములలో మెల్లగా వినబడునదే. కొందరు దీనికి తొందరపడి సమాధానము చెప్పి, రోగిని పూర్వపాపమునకో భక్తిలోపమునకో బాధ్యుని చేయుదురు. తీర్థులవారి కథ అట్టి మాటకు చోటీయదు. నొప్పి పడిన దినములలో ఆయన సన్న్యాసి, విద్వాంసుడు, నారాయణస్మరణపరుడు. భక్తి తక్కువై వ్యాధి రాలేదు. వ్యాధి పోకమునుపు ఆయన భక్తుడు కాకపోలేదు. వరాహము వెంట ఆయన నడచినది నొప్పి తగ్గిన తరువాత కాదు, నొప్పితోనే. నిజమునకు వరాహూరిలో దొరికిన ఆరోగ్యము కంటె నడుక్కావేరి నుండి వరాహూరు వరకు సాగిన ఆ నడకయే ఎక్కువమందికి అనుసరింపదగిన భాగము. దీర్ఘవ్యాధిగ్రస్తుని నిత్యజీవితము అట్టి నడకయే. నేటి అడుగు నేడు వేయుట, చూపిన దారిని వదలకుండుట, గమ్యము స్వామికి విడుచుట.

దారి చూపువాడు ఏ రూపమున వచ్చునో తెలియదు. ఒక్కొక్కప్పుడు అతడు వైద్యుడై వచ్చును. జీర్ణాశయములోని పుండ్లకు కారము, ఆందోళన మాత్రమే కారణములని చాలకాలము భావించిరి. ఆస్ట్రేలియా దేశ వైద్యులు రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఒక సూక్ష్మజీవిని గుర్తించి, అట్టి పుండ్లలో అనేకము దానివలన కలుగునని నిరూపించిరి. వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. ఏండ్ల తరబడి అనుభవించిన బాధ కొలది వారముల మందులతో నయమగుట ఇపుడు సామాన్యమైనది. కావున దేవుని నమ్మితిమను పేరుతో మందు మానుట భక్తి కాదు. బరువు తగ్గిపోవుట, మలములో రక్తము లేక నలుపు కనిపించుట, వాంతులు ఆగకుండుట, మింగుట కష్టమగుట వంటి సూచనలు కలిగినపుడు మ్రొక్కుబడితో పాటు వైద్యుని వద్దకు కూడ వెంటనే పోవలెను. ఇట్టి ఆదేశమును త్రోసిపుచ్చుట ఎదుట నిలిచిన వరాహమును చూచి ముఖము త్రిప్పుకొనుట వంటిది.

వైష్ణవ గృహములలో ఆచరణ

ఏకాదశీవ్రతము వైష్ణవులకు ప్రాణసమానము. ఉదరరోగికి అది సంకటము. ఉపవసించినచో మంట పెరుగును; ఉపవసింపనిచో మనసు బాధపడును. మహాభారతమున ఈ చిక్కు విడదీయబడినది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు ఆజ్ఞ, ఔషధము అను ఎనిమిది వ్రతమును భంగపరుపవని అందు చెప్పబడినది. కావున మందు వేసికొని పాలో పండో స్వీకరించి నామస్మరణతో గడపిన రోగి యొక్క ఏకాదశి సంపూర్ణమైన ఏకాదశియే. ఇంటి పెద్దలు ఈ మాట రోగికి ముందుగా చెప్పి అతని మనసులోని అపరాధభావమును తొలగింపవలెను.

ప్రసాదము విషయమునను అంతే. పులిహోర, దద్దోజనము, చక్కెరపొంగలి ఏవైనను ప్రసాదమునకు పరిమాణము లేదు. కన్నులకద్దుకొని మెతుకంత స్వీకరించి మిగిలినది ఇతరులకు పంచిన లోపము లేదు. తిరుమలలో కులశేఖరపడిని దాటి స్వామి సన్నిధికి చేరు నైవేద్యము పగిలిన కొత్తమట్టికుండ ఓటిలోని పెరుగన్నము. నానావిధ భక్ష్యములు గడప వెలుపల నిలువగా, బిడ్డలకు, వృద్ధులకు, రోగులకు తల్లులు పెట్టు పెరుగన్నము గర్భాలయమును చేరుచున్నది. పథ్యపు ముద్ద తినువారు తమ ఆహారము హీనమైనదని చింతింపనక్కరలేదు.

పెండ్లిండ్లలోను, ఉత్సవములలోను మారు వడ్డించుట తెలుగువారి మర్యాద. గోంగూర, ఆవకాయ, ముద్దపప్పు, నేయి వరుసగా వచ్చు కృష్ణాతీరపు విస్తరిలో ఉదరరోగి చేయి అడ్డము పెట్టిన, అది వడ్డించువారి యెడ అనాదరము కాదు. ఒక్క ముద్ద యను బలవంతము అతనికి మూడు దినముల శయ్య కావచ్చును. అతనికి చారన్నమో మజ్జిగన్నమో మారుమాటాడక వడ్డించిన గృహిణి, ఆనాడు యతి పాత్రలో మజ్జిగ పోసిన తల్లికి సాటియైనది. యాత్రకు పోవునపుడు కాచి చల్లార్చిన నీరు, మందులు, అటుకులో పేలాలో వెంట ఉంచుకొని, కడుపు ఖాళీగా గంటల తరబడి వరుసలో నిలువక, అలసినచో కూర్చుండి, నెమ్మదిగా దర్శనము చేసికొనుట మేలు. స్వామి తొందరపడువాడు కాడు.

సిద్ధి, తరంగముల తిరుగు ప్రయాణము

తీర్థులవారు కడపటి దినములలో వరాహూరుకు సమీపమున కుడమురుట్టి ఒడ్డునగల తిరుపూందురుత్తి చేరి, మాఘ శుద్ధ అష్టమినాడు సిద్ధి పొందిరి. అది క్రీ.శ. 1745 అని వాడుకలోనున్న లెక్క. అచ్చట వారి సమాధి యొద్ద ఆరాధనోత్సవము జరుగును. వరాహూరిలో శ్రీజయంతికి ఉట్టి కొట్టు ఉత్సవము నేటికిని ప్రసిద్ధము. ఆ సీమయందే, తిరువయ్యారులో, త్యాగరాజస్వామివారు (1767–1847) తమ జీవితమును నాదోపాసనలో గడపిరి. దక్షిణదేశ భజనసంప్రదాయమున తరంగములు నిత్యము పాడబడుచున్నవి.

కృష్ణాతీరము విడిచి కావేరీతీరమునకు పోయిన ఆ గానము మరల కృష్ణాతీరమునకే తిరిగివచ్చినది. కూచిపూడి కళాకారులు ఇత్తడి పళ్లెరపు అంచులపై పాదములు నిలిపి ఆడు తరంగనృత్యము తీర్థులవారి రచనకే చెందినది. సిద్ధేంద్రయోగి వారి శిష్యుడని కూచిపూడి సంప్రదాయము. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రాతఃకాలపు భక్తిరంజని ద్వారా తరంగములను ఇంటింటికి చేర్చినది. ఏ ఇంట ఏ వృద్ధుడు రాత్రంతయు కడుపు పట్టుకొని మేల్కొని, తెల్లవారుజామున ఆ పాట విని కొంత సేదతీరెనో ఎవరు లెక్కింపగలరు? ఆ పాట కట్టిన మహానుభావుడును అట్టి రాత్రులు గడపినవాడే యని అతనికి తెలిసిన, ఆ సేద మరింత చల్లనిదగును.

వేదనను దాచక, దానికి లొంగక, దానితోనే నడచి దామోదరుని చేరిన శ్రీ నారాయణతీర్థులవారిని స్మరించువారికి ఆదివరాహమూర్తి దారి చూపుగాక. వైశ్వానరరూపుడైన స్వామి ప్రతి గృహమున ప్రతి ముద్దను అమృతము చేయుగాక.